మూత లోపలి దిక్కు

పొద్దుగాల శటరు ఎత్తంగనే
మొదటి పని నీళ్ళు చల్లుడు.
దేవునికి కాదు, దుమ్ముకు.
పాలమూరు దుమ్ము ఎర్రది, ఓపిక గలది.
దేవరకద్ర బస్సు ఎనుకనే నడిచొచ్చి
కెంపు రంధ్రంల కూసుంటది.
ఫ్యాను బందు.
చెమట చుక్క గూడ బల్ల మీద రాలొద్దు.

నేను అవుసులోళ్ళ పిల్లను.
బంగారం షోరూములు వచ్చినంక
నాయిన చిమ్టా, ఆకురాయి
డబ్బాల పడి ఉండె.
గడియారం చౌరస్తా సందుల, ఆరడుగుల దుకాణంల
"చెయ్యి చూపియ్" అన్నడు ఫక్రు చిచ్చా మొదటి దినం,
జాతకం చెప్పెటోని లెక్క.
అరచెయ్యి చూడలే.
వేళ్ళ కొసలు చూసిండు.

షాద్‌నగర్ ప్లాట్ల సేటు
రుమాలుల చుట్టుకొని తెచ్చిండు దాన్ని.
పాత మోడలు, వేలంల కొన్నడంట.
మా సందు మొత్తం అమ్మినా దాని ఖరీదు రాదంట.
కారు డోరుకు తగిలి ఆగింది.
కంపెనీకి పంపితే ఎనిమిది నెలలు.
ఆయనకు ఆగే అలవాటు లేదు.

మూత తీసినం.
కొద్దిసేపు ఇద్దరం మాట్లాడలే.
పళ్ళ చక్రాల మీది వంతెన విప్పి తిరగేస్తే
ఎవ్వరూ చూడని అడుగు దిక్కు గూడ
అంచు అంచు చెక్కి
ఎవరో రాత్రులకు రాత్రులు రుద్దిన మెరుపు.
ఇట్ల వంచితే కాటుక,
అట్ల వంచితే పాలు.
"పేరేమో కంపెనీది, అద్దం కింద" అన్నడు చిచ్చా,
"చెయ్యి వీనిది."
ఆ చెయ్యి మగదో ఆడదో,
కిటికీల మంచు కురుస్తుండెనో,
ఇంట్ల పిల్లకు జరమొచ్చి ఉండెనో.
చాయ్ చల్లారిపోయింది.

విరిగింది ఇరుసు.
నువ్వుగింజంత పొడుగు,
కొసలు వెంట్రుక మందం.
రెండేండ్ల నుంచి చిచ్చా చేతికి వణుకు.
లేతు ముందల నన్ను కూసోబెట్టి
తను ఎనుక నిలబడ్డడు.
కుట్టుసూది ఉక్కును కాల్చి, నూనెల ముంచి,
ఇత్తడి రేకు మీద మళ్ళ కాచినం.
శంకుపువ్వు రంగు తేలంగనే తియ్యాలె,
దాటిందా, పారెయ్యాలె.
"ఊపిరి ఇడిచినంక కొయ్యి బేటీ,
పీల్చెటప్పుడు కాదు."

మొదటిది విరిగె.
రెండోది చిమ్టాల నుంచి ఎగిరి
ఏడ పడ్డదో ఏమో,
అయస్కాంతం పెట్టి దేవులాడినా దొరకలే.
మూడోదానికి తొమ్మిది దినాలు.
కొసలు శుభ్రం చేసేందుకు
సీమల ఏదో చెట్టు బెండు వాడుతరంట.
మాకు మక్తల్ దిక్కు చేన్ల జొన్నసొప్ప ఉన్నది.
దాని బెండుల మెత్తగ గుచ్చి తీస్తే
ఇరుసుకు కొంచెం
చేను వాసన.

చక్రం నిలబెట్టి, వెంట్రుక స్ప్రింగు తగిలిచ్చి
ఊదినట్టు తట్టిన.
మొదలు అనుమానంగ,
అటు ఒకపారి, ఇటు ఒకపారి,
ఆ ఎనుక బాయిల దుంకిన పిల్లకు
ఈత వచ్చినట్టు.
చౌరస్తాల గంట కొట్టిందంట అప్పుడే.
నాకు ఇనబడలే.

మూసే ముందు
చిచ్చా మూత లోపలి దిక్కు చూపిచ్చిండు.
సూదితోని గీకిన గుర్తులు నాలుగు.
ఒక అంకె, ఒక చేప లెక్క గీత,
చదవరాని లిపిల రెండు.
బాగుచేసినోళ్ళవి.
ఒకరినొకరు ఎన్నడూ చూడనోళ్ళవి.
"నీది వెయ్యి."
"దుకాణం నీది గద చిచ్చా."
"ఇరుసు నీది."
పేరు రాయబుద్ధి కాలే.
నాయిన పుస్తెల ఎనుక ఏసే గుర్తు యాదికొచ్చింది,
మూడు చుక్కలు, నడిమిది కొంచెం కిందికి.
ఏసిన.
మూడోది ఒంకర పోయింది.

సేటు చెవుకాడ పెట్టుకొని ఇన్నడు.
"ఒరిజినల్ పార్టేనా?"
చిచ్చా నా దిక్కు చూసిండు.
"పాలమూరుది" అన్న.
పరాచికమనుకొని నవ్విండు,
నవ్వుకుంటనే రెండువేలు తక్కువిచ్చిండు.

పొద్దుమూకి శటరు దించేముందు ఊడుస్తుంటె
చీపురు పుల్లల నడుమ సన్నగ మెరిసింది
ఎగిరిపోయిన రెండో ఇరుసు.
కంటికి అద్దం పెట్టుకొని చానాసేపు చూసిన.
అది గూడ బాగనే ఉండె.