వెన్నశాతం

మంగళవారం. చిత్తూరు పెద్దాసుపత్రి మేడమీద
ఎక్స్‌రే గది పక్కన నాకిచ్చిన ఇరుకు గది.
ఒక బల్ల, రెండు కుర్చీలు, స్టాప్‌వాచీ.
పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటినవాళ్లకు
జ్ఞాపకమూ ధ్యాసా ఎంత మిగిలాయో
అంకెల్లో రాసుకోవడం నా పని.

నలభై ఒకటో నంబరు, మొగిలమ్మ.
యాదమరి దగ్గర పల్లె. యాభై ఎనిమిదేళ్లు. మూడో తరగతి.
ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని కూచుంది,
ఎవరో తమ బిడ్డను కాసేపు పట్టుకోమని ఇచ్చిపోయినట్టు.

కాగితం నిండా నక్షత్రాలు. అన్నీ కొట్టెయ్యమన్నాను.
కుడిపక్కవి ఒక్కటీ వదల్లేదు.
ఎడమపక్క ఆకాశం అట్లాగే ఉంది.
"అయిపోయిందా అమ్మా?"
"అయిపాయ. ఇంకేముండాది ఆడ?"

గుమ్మం దగ్గర్నుంచి కోడలు అందుకుంది:
"కొట్టంలో గూడా ఇంతే సార్.
ఎడంపక్క కట్టిన పుల్లావు
రెండు పూట్లు అరిచి అరిచి గొంతు పోగొట్టుకునింది.
ఈమె వింటానే ఉండాది.
కుడిపక్కకు చూసి
'ఎవురిదబ్బా ఆ ఆవు' అంటాది."

మొగిలమ్మ నవ్వలేదు. కోడలూ నవ్వలేదు.
నేను 'ఎడమ నిర్లక్ష్యం, తీవ్రం' అని రాసుకున్నాను.
ఇంగ్లీషులో అది రోగం పేరు.
తెలుగులో రాస్తే తిట్టులా ఉంది.
నలభై ఏళ్లు ఒక్క పూట పాలు తప్పించని మనిషి
ఎదురుగా కూచుని నా పెన్ను వంక చూస్తోంది.

తర్వాత జంతువుల పేర్లు. ఒక్క నిమిషం.
"ఆవు" అంది. ఆగింది.
నేను వాచీ చూస్తున్నాను.
"చుక్క. పుల్లావు. గంగులు.
వానలో ఈనింది.
పుంగనూరు సంతలో కొనింది, కొమ్మిరిగింది,
దాని బిడ్డ, ఆ బిడ్డకు బిడ్డ,
అప్పుకింద తోలకపోయినారే, నల్లది...
దాని పేరు చెప్పను."
నిమిషం అయిపోయింది.

సొంత పేర్లు లెక్కకు రావని నియమం.
మార్కు: ఒకటి.
పక్కన పెన్సిలుతో ఎనిమిది అని వేసి
చెరిపేశాను.

చివరిది జీవన నాణ్యత ప్రశ్నావళి.
తిరుపతిలో మా గైడూ ఇద్దరు లెక్చరర్లూ కూచుని
ఇటు తెలుగులోకీ, మళ్లీ అటు వెనక్కీ
మూడుసార్లు తిప్పి ఖాయం చేసిన వాక్యాలు.
"గత నాలుగు వారాల్లో మీ జీవన నాణ్యత
ఎట్లా ఉందని భావిస్తున్నారు?"

"నాణ్యతంటే? పాలకేంద్రంలో చూస్తారే, అదా?"

నాకు వేరే మాట దొరకలేదు. "అదే అనుకోమ్మా."

"తెల్లారి అయిదుకు క్యాను మోసుకోని పోతానా,
వాడు రవ్వంత పాలు సీసాలో పోసి
మిషన్లో పెట్టి నాలుగంటాడు, మూడున్నరంటాడు.
ఒగ దినం మూడే అన్న్యాడు.
నేను నీళ్లు కలపలే నాయనా.
ఎండాకాలం, గడ్డి లే, ఆవు మాత్రం ఏం జేస్తాది?
వాడు రాసేది వాడు రాసినాడు.
మిగిలిన పాలు ఇంటికి తెచ్చి కాస్తే
ఇంత మందాన మీగడ కట్టింది.
నువ్వుగూడా రాసుకో,
నీ మిషన్లో ఎంతొస్తే అంత."

ఎదురుగా అయిదు గళ్లు.
జవాబు రాలేదనడానికి మా కోడు తొమ్మిది.
తొమ్మిది వేశాను.

లేచి చెప్పులు వెతుక్కుంది. కుడిది దొరికింది.
"యాడికి పాయ ఈ పిల్ల?" అంది
ఎడమపక్కనే నిలబడ్డ కోడల్ని.
కోడలు మాట్లాడకుండా చుట్టూ తిరిగొచ్చి
రెండో చెప్పు తొడిగి
కుడిచెయ్యి పట్టుకుంది.

"మరి పుల్లావు?" అడిగాను, ఏ కాగితంలోనూ లేని ప్రశ్న.
"ఆ దినమే కుడిపక్కకు మార్చి కట్టినాం సార్."

వాళ్లు మెట్లు దిగే చప్పుడు,
ఒక కాలు గట్టిగా, ఒక కాలు ఈడుస్తూ.
అది ఆగేదాకా కూచుని
నలభై రెండును పిలిచాను.