అరవై రెండు

ఇద్వల్ నమ్మడు.
"ఇంత ఎర్రటి పిల్లకి
రక్తం ఎక్కువవడమేమిటి మెరెరిడ్?"
టోపీ అంచు నుంచి వేల్స్ వాన
కొట్టంలో గడ్డిమీదికి కారుతోంది.

బొడ్డుతాడు అతనే పిండాడు, పిల్లవైపుకి,
అయిదుసార్లు, ఆఖరి చుక్క దాకా.
వాళ్ళ నాన్న అలాగే చేసేవాడట.

గాజుగొట్టం గిర్రున తిరిగి ఆగింది.
అడుగున ఎరుపు, పైన కాస్త గడ్డిరంగు నీరు.
స్కేలు పెట్టి చూశాను: నూటికి అరవై రెండు.
ముదిరిన బెల్లప్పాకం.

సన్నటి సందుల్లో బండ్లన్నీ
ప్రాణవాయువు మూటలతోనే ఉన్నాయి,
ఒక్కటీ కదలదు.
పైగా ఇది కడుపులోనాటి రక్తం.
తల్లి దగ్గర లాక్కోవడమే నేర్చింది,
పిడికిలి విప్పడం ఇంకా రాదు.
లోపల పేగు
నిండుకుండ పక్కన దాహంతో కూచుంది.

జున్నుపాల సీసా ఎత్తిన అతని చెయ్యి ఆపాను.
అరిగించుకోవాలంటే ముందు దానికి ఊపిరాడాలి.

కొంచెం తీశాను, అంతే ఉప్పునీరు ఎక్కించాను.
మళ్ళీ తీశాను.
ఇద్వల్ మొహం తిప్పుకుని వెల్ష్‌లో గొణిగాడు,
ప్రార్థనో, నన్ను తిట్టడమో.

నిరుటి పిల్ల సంగతి అతనికి చెప్పలేదు:
పాలిపోయిన చిగుళ్ళు, నీళ్ళలాంటి రక్తం,
సందులన్నీ పరుగెత్తుతూనే ఉంది
ఉత్త చేతులతో.

నాలుగున్నరకి
పొట్టమీద ఆనించిన గొట్టంలో
గుడగుడమని ఒక చిన్న చప్పుడు.
ఇద్వల్‌కి వినిపించాను.

చాలాసేపటికి అడిగాడు,
"మరి ఈసారి ఎన్నిసార్లు పిండను?"
పిండకు.
తాడు కొట్టుకోవడం దానంతటదే ఆగేదాకా
పక్కన నిలబడు, అంతే.

సరేనన్నాడు గానీ
ఆ పెద్ద చేతులు రెండూ
ఎక్కడ పెట్టుకోవాలో
అతనికి తెలియలేదు.