వాకోవర్

పద్దు పుస్తకం ముందట్నుంచి తిప్పితే ఐసు లెక్క,
వెనుకనుంచి తిప్పితే హాకీ లెక్క.
రెండూ నా చేతిరాతే.

కాజీపేటల, కడిపికొండకు పొయ్యే తొవ్వల మా ఫ్యాక్టరీ.
చేపలోళ్లకు, సోడాబండ్లకు, పెండ్లి షర్బతుకు,
చుట్టాలు వచ్చేదాక శవం పక్కన పెట్టనీకె సుత
గడ్డలు మా దగ్గర్నుంచే పొయ్యేటియి.
ఎవడో బాకీ కింద పడేసిపోయిన హాకీ కట్టెలు
రాజలింగం సేటు తెచ్చి
రంపంపొట్టు కుప్ప మీద ఇసిరిండు.
"పొయ్యిల పెట్టుకోండ్రి" అన్నడు.
ఎవ్వలూ పెట్టలే.

గోల్ కాడ ఓదేలు.
పన్నెండేండ్లు గడ్డలు మోసిన చేతులు,
బంతి తాకిందో లేదో
చూసుకుంటెగాని ఎరికైతుండె కాదు.
కాళ్లకు ప్యాడ్లు కొనే పైసల్లేవు,
గోనెసంచులల్ల పొట్టు కూరి సుతిలితోని కట్టేటోడు.
ఎనుక ఫాతిమానగర్ ఇన్నయ్య, ఆట ముందు సిలువ గీసుకొని
ఆటల బూతులు తిట్టేటోడు.
ముందట మహబూబలీ.
వాని పరుగు ఎవ్వలూ నేర్పింది కాదు,
భుజం మీద గడ్డ కరగకముందే
బస్టాండు చేరాలె గద.

డీజిల్ షెడ్డోళ్లు మమ్ముల "నీళ్లోళ్లు" అనేది.
"జర ఆగుండ్రి, ఎండకు వాళ్లే కరుగుతరు."

అబద్ధం కాదు.
మూడో డివిజన్ లీగు కార్తీకంల మొదలైతుండె.
సలికాలం ఐసు ఎవనిక్కావాలె?
పొద్దంత ఆడేది, గెలిచేది.
ఎండలు ముదిరినయంటే
రాత్రి షిఫ్టు, పగటి షిఫ్టు, లగ్గాల మీద లగ్గాలు.
సెమీఫైనల్ నాడు ఎవని బిడ్డదో అప్పగింతలు.
ఏడేండ్లు వరుసగ నేను రాసింది చదువుత:
హాజరు కాలే. వాకోవర్.
హాజరు కాలే. వాకోవర్.
తక్కిన ఐదూ గట్లనే.

ఎనిమిదో ఏడు ట్రాన్స్‌ఫార్మర్ కాలింది.
మూడు దినాలు కరెంటు లేదు.
రెండు వందల నలభై గడ్డలు
మెల్లమెల్లగ మోరీలకు నడిచినయి.
వాడకట్టు పోరగాండ్లు మోరీల కాళ్లు పెట్టుకొని
కలెక్టర్ల లెక్క కూసున్నరు.
సేటు గల్లాపెట్టె మీద తల ఆనించి ఉండె.
ఎట్ల అడుగాల్నో తెల్వక అడిగినం:
"సేటూ, ఇయ్యాల ఫైనలుంది."
తల లేపకనే చెయ్యి ఊపిండు,
పొమ్మనో, సావమనో.

వాళ్లు ఒకటి. మహబూబలీ ఒకటి.
ఆఖర్ల వాళ్లు కొట్టిన దెబ్బకు
ఓదేలు ఎడమకాలి గోనె పిగిలి
పొట్టంత లేసింది.
దుమ్ము దిగినంక చూస్తే బంతి లేదు.
గోల్ల లేదు, గ్రౌండ్ల లేదు.
అంపైరు మోకాళ్ల మీద కూసోని
సంచిలకెళ్లి తీసిండు, గుడ్డు తీసినట్టు.
గీతకు ఇవతలనా అవతలనా?
చీకటి పడేదాక కొట్లాడి
కప్పు ఇద్దరికి పంచిన్రు,
ఆర్నెల్లు వాళ్లకు, ఆర్నెల్లు మాకు.
ముందుగాల వాళ్లకు.

మా ఆర్నెల్లు రాకముందే
సేటు మిషన్లు తూకానికి అమ్మిండు.
కరిగిన గడ్డల బాకీ ఒక్కటే కాదు,
హన్మకొండల ఇంటింటికి ఫ్రిజ్జులు దిగుతుండె.
మహబూబలీ ఆటో కొన్నడు.
ఇన్నయ్య సెంటరింగు పనికి పోయిండు.
ఓదేలు ఏడికి పోయిండో
అడిగినోళ్లు లేరు, నేను సుత అడగలే.

జట్టు ఆగిందని ఎవ్వలూ చెప్పలే కాబట్టి
మల్లేడు జాబితాల మా పేరు వచ్చింది.
కార్తీకంల, ఐతారం, పొద్దుగాల ఏడింటికి.
పుస్తకం సంకల పెట్టుకొని పోయిన.
డీజిల్ షెడ్డోళ్లు పదకొండు మంది
వరుసగ నిలవడ్డరు. ఈసారి ఎవడూ నవ్వలే.
అంపైరు గడియారం చూసుకుంట పది నిమిషాలు ఆగి
సీటీ ఊదిండు.

హాజరు కాలే, అని రాసిన.
నేనొచ్చిన అని రాయనీకె
ఆ పుస్తకంల గడి లేకుండె.