మూడో గేరు

మా జట్టుకి పేరు మేం పెట్టుకున్నది కాదు.
మొదటి పందెంలో, షోలవరం పాత రన్‌వే మీద,
రెండో చుట్టుకే మూడో గేరులో ఇరుక్కుంది ఫియట్.
మిగతా చుట్లన్నీ ఆ గేరులోనే లాక్కొచ్చాడు డెస్మండ్,
లాలాగూడ రైల్వే క్వార్టర్ల పిల్లాడు,
ఏడుస్తున్నాడో చెమటో తెలియని మొహంతో.
చివర్నుంచి రెండో స్థానం.
"ఆ మూడో గేరోళ్లకి నాలుగు టీలు" అని కేకేశాడు
గేటు దగ్గరి నెల్లూరాయన.
ఆ పేరే మూసాపేట షెడ్డు మీద బోర్డయింది.

అంతకు ముందు అదొక డాక్టరమ్మ కారు.
వేలంలో నాలుగు వేలకి పాడుకున్నాడు సిద్ధిరాములు.
బరువు తగ్గాలని వెనక సీటు పీకితే
ఒక థర్మామీటరు, పసిపిల్ల గాజు,
రాయిలా ఎండిన నిమ్మకాయ.
నిమ్మకాయని పారెయ్యనివ్వలేదు ఖదీర్ చాచా.
"బండికి ఎరికైనది బండిలనే ఉండాలె."
సొట్టలు తీసే సుత్తి కింద పెట్టకుండానే అన్నాడు.

స్టాప్‌వాచ్ నా చేతికొచ్చింది
మిగతా చేతులన్నిటికీ గ్రీజు కాబట్టి.
పక్క షెడ్డులో నాన్న లేత్ తిరుగుతుండేది,
నాకు పద్దెనిమిదేళ్లు,
సెకను ఐదు ముక్కలవుతుందని అప్పుడే తెలిసింది.

నంబరు రాసినవాడు ఓదేలు,
సినిమా బ్యానర్లకు కళ్లు దిద్దిన చెయ్యి.
నలభై ఏడుని ౪౭ అని రాశాడు,
కొమ్ము తిరిగినట్టు, ముచ్చటగా.
లెక్కల బల్ల దగ్గర ఒక్కరికీ చదవరాలేదు.
మూడు చుట్లు గాలిలో కలిశాయి.
"సదువు రానోళ్లతోని ఏం పందెం" అని
బ్రష్షు కడుక్కున్నాడు ఓదేలు.

పళ్లపొడి కంపెనీ ఒకటి మమ్మల్ని నమ్మింది.
డబ్బుకి బదులు డబ్బాలు పంపింది.
ఆ ఏడాది మా గల్లీలో
ఎవరు నవ్వినా గులాబీ రంగే.

ఇక చెప్పాల్సింది చెబుతాను.

ఎనభై ఆరు, మేడ్చల్ రోడ్డు, కోడి కూయని వేళ.
ఈ రాయి నుంచి ఆ రాయి దాకా
నిమిషం దాటితే షట్టరు దించేద్దామన్నాడు సిద్ధిరాములు.
టార్చి పట్టుకుని చూశాను.
వాచీలో నిమిషం మీద రెండు.
పుస్తకంలో యాభై తొమ్మిది.
నా చేతిరాత ఎప్పటికన్నా గుండ్రంగా ఉంది.

వారం తిరక్కుండా కుషాయిగూడ ప్లాటు అమ్మి
కొత్త ఇంజను తెచ్చాడు.
ఆ ప్లాటులో ఇప్పుడు ఐదంతస్తులు, కింద నగల దుకాణం.
మేం ఇంకో పదకొండేళ్లు పరిగెత్తాం.
ఒక్కసారి మూడో స్థానం, ఒక కప్పు,
దాని మీద మా పేరు తప్పు.
తర్వాత ఓ వర్షాకాలం ఇంజను బిగుసుకుపోయింది,
ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

డెస్మండ్ బడి బస్సు నడిపాడు, ముప్పై దాటనివ్వలేదు.
షెడ్డున్న చోట మెట్రో స్తంభం,
దాని నంబరు అందరూ చదవగలరు.

సిద్ధిరాములు పోయిన పదకొండో రోజు
ఖదీర్ చాచా ఇంటికెళ్లి చెప్పాను, ఆ రెండంకెల సంగతి.
సుత్తి మోతకి చెవులు పోయిన మనిషి,
రెండుసార్లు చెప్పించుకున్నాడు.
తర్వాత నెమ్మదిగా అన్నాడు:
"ఆ పొద్దు ఇంజను సప్పుడుల్నే తెల్సింది బిడ్డా.
సిద్ధికి గూడ ఎర్కే.
ప్లాటు అమ్మెటందుకు గాయనకొక కారణం కావాలె.
నువ్వు రాసిచ్చినవ్."

ముప్పై ఏళ్లు మోసిన తప్పుని
అరనిమిషంలో నా భుజం మీంచి దించేశాడు.
నాకెందుకో కోపమొచ్చింది.
చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి
బస్సెక్కాను.
ఫతేనగర్ వంతెన దాటాక గుర్తొచ్చింది,
ఆ నిమ్మకాయ ఏమైందో
అడగనే లేదు.