సున్నా ఫలితాలు

ఆదోని మార్కెట్ యార్డు ధరల సైటుకు
వెతికే పని రాసేది నేను.
పైన పేజీ, రంగులు, బటన్లు షరీఫావి.
ఆమె పని అందరికీ కనపడుతుంది.
నాది సర్వరు లోపల,
గోడలో నీళ్ల పైపు మాదిరి,
పగిలితే తప్ప ఎవరికీ గుర్తురాదు.

మొదటి వారం లాగ్ తెరిచి చూస్తే
బుడ్డలు, సున్నా ఫలితాలు.
చెనిక్కాయ, సున్నా.
చెనక్కాయలు రేటు సారూ, సున్నా.
శేంగా, సున్నా. అది సిరుగుప్ప వైపు మాట.
గ్రౌండునెట్టు, సున్నా.
పట్టికలో ఉన్నది ఒకటే: వేరుశనగ.
ఆ మాటను మా తాలూకాలో
విత్తనాల సంచి మీద చదివినా గానీ
ఎవరి నోటా విన్లేదు.

ఒకే ఫోను నుంచి, తెల్లారుజామున నాలుగుకు,
పదకొండు సార్లు బుడ్డలు.
పదకొండోసారి చివర చుక్క పెట్టినాడు,
చుక్క లేకనే దొరకలేదేమో అన్నట్టు.

ఆ పొద్దే కూచోని చిన్న చిన్న ఫంక్షన్లు రాసినా.
ఒకటి మాటకు ముందూ వెనకా ఖాళీలు చెరుగుతుంది,
కల్లంలో పొట్టు చెరిగినట్టు.
ఒకటి, కొటేషన్ గుర్తు వస్తే
దాని కొమ్ములకు కుప్పెలు తొడుగుతుంది,
లేకుంటే అది నేరుగా పోయి డేటాబేసును కుమ్ముతుంది.
ఇంకోటి రేటు, ధర, ఎంత, అన్నా, సారూ,
ఇట్లాంటివన్నీ ఏరి పక్కన పెడుతుంది.
సారూ దగ్గర నా వేలు కొంచెంసేపు ఆగింది.
మనిషి లేని పెట్టెకు కూడా
సారూ అని రాసినాడు ఎవరో.

అసలుది మిగిలింది,
ఏ నోటి మాటనైనా పట్టిక మాటగా మార్చేది.
దానికొక పేరు కావాల.

చిన్నప్పుడు నాయనతో యార్డుకు పోతే
గేటు కాడ ఉరుకుందప్ప అని హమాలీ,
ఎడమ భుజం మీద గోనెపట్టా.
లోపల గుమాస్తాది ఎక్కడో కృష్ణ వైపు.
మా మాట ఆయనకెక్కదు, ఆయన మాట మాకెక్కదు.
"బుడ్డలప్పా, ఇరవై మూట" అని నాయనంటే
ఉరుకుందప్ప మూట దింపుతానే లోపలికి అరిచేవాడు,
"వేరుశనగా, ఇరవై బస్తా!"
చీటీలో తూకముండేది, తేమ ఉండేది,
కమీషను, దింపుడు కూలి, చాట కూలి కూడా ఉండేవి.
మాట మార్చిన కూలి మాత్రం
ఏ వరసలోనూ లేదు.

ఫంక్షన్ పేరు ఉరుకుందప్ప అని పెట్టినా.
రివ్యూలో నిరంజన్ రాసినాడు,
ఎవరికైనా అర్థమయ్యే పేరు పెట్టమని.
ఆయన తప్పేం లేదు.
రేపు నేను లేకుంటే ఇంకొకరు చదవాల కదా.
మార్చినా.
పైన కామెంట్లో మాత్రం ఆ పేరు ఉంచినా.
కామెంటును సర్వరు చదవదు,
దాటుకొని పోతుంది,
ఆ చీటీ మాదిరే.

ఖాళీ పెట్టె దగ్గర మళ్లీ వాదన.
ఏమీ రాయకుండా బటన్ నొక్కితే ఏం పంపాల?
అన్ని ధరలూ పంపేయ్, అన్నాడు నిరంజన్.
తప్పు అని ఎర్రక్షరాల్లో చూపిద్దాం, అంది షరీఫా.
గేటు కాడ నోరు తెరవకుండా నిలబడిన మనిషిని
ఉరుకుందప్ప ఏమడిగేవాడో నాకు తెలుసు.
ఒక్క వరస రాసినా.
ఖాళీ వస్తే ఖాళీ తిప్పి పంపదు,
అడుగుతుంది:
ఏ ఊరప్పా?

సోమవారం లాగ్‌లో
నాలుగూ పదికి బుడ్డలు, ఆరు ఫలితాలు.
ఒక్కసారే అడిగినాడు.
చుక్క పెట్టలేదు.

దాని కింద ఒక ఖాళీ.
ఖాళీ కింద, నలభై సెకన్లకు,
పెద్దతుంబళం. పత్తి.
ఇప్పుడు అమ్మాల్నా, ఆగాల్నా.

ఖాళీలు చెరిగి చూసినా.
పత్తి దొరికింది, ఊరు దొరికింది.
మిగిలిన రెండు మాటలను
ఏ ఫంక్షన్లోనూ పక్కన పెట్టలేక
అట్లనే వదిలినా.