వెంట్రుకవాసి

మొదటిది కంటైనర్లో వచ్చింది.
ఆటోనగర్ గేటు దాటించి, క్రేనుతో దింపాం.
ఎనభై లక్షలట. శేషగిరి కంకిపాడు పొలం కాయితాలు
బ్యాంకులో పెట్టాడు.
దసరాకి దానికి బొట్టు పెట్టి, ఒక్క నిమ్మకాయ కోశాం.
కొబ్బరికాయ కొట్టింది నేనే.

మరుసటి దసరాకి పదహారు నిమ్మకాయలు.

గేర్లు కోసేది,
గేర్లు కోసే తనలాంటిదాన్నీ కోసేది.
మూడు నెలలకో కానుపు.
రెండు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిది.
"చక్రవడ్డీకి ఇనప ఒళ్లొచ్చింది" అంది తిరపతమ్మ,
రజను ఊడ్చి గోతంలోకి ఎత్తుకుంటూ.
ఆమెకు తెలుసు ఆ లెక్క.
మొగుడి ఆపరేషన్‌కి నూటికి అయిదు కట్టిన మనిషి.

మిషను ధర తుక్కు ధరకి దిగొచ్చింది.
తుక్కు మాత్రం మిషను ధరకి ఎక్కి కూర్చుంది.
రోడ్డు మీద పడ్డ బోల్టు కోసం కుర్రాళ్లు చొక్కాలు చింపుకున్నారు.
పన్నెండు లీటర్లు కాచే టీ కొట్టు
రెండు లీటర్లకొచ్చింది.

శేషగిరికీ నిద్ర లేదు.
పక్క షెడ్డువాడికి ఒకటి అమ్మాడు, లాభమనుకుని.
వాడికిప్పుడు నాలుగు.
వాడు సగం రేటుకి పని ఒప్పుకుంటే
ఈయన పావుకి దిగాడు.
అన్నీ దిగాయి, బ్యాంకు అప్పు తప్ప.
అది ఇంకా ఎనభై లక్షలే,
పాత లోకంలో రాసుకున్న అంకె.

మొన్న రోహిణి ఎండలో నాకు కబురొచ్చింది.
ఆరో తరం బెడ్డు మీద తేడా.
తల్లిలో లేదు, కూతురిలో కనపడలేదు,
దిగుతూ దిగుతూ
వెంట్రుకవాసి అయింది.
"నాగుల్ మీరాని పిలవండి" అన్నారట.
పని మానేసి ఏడు నెలలు. స్క్రేపరు తుప్పు తుడుచుకుని వెళ్లాను.

నీలిరంగు పూశాను.
మిట్ట ఉన్నచోట నీలం అంటుతుంది.
అక్కడ గీరాలి. ఎంత గీరాలో బొటనవేలికే తెలుసు.
ఈ వేలు ఖాసిం సాహెబ్ ఇచ్చింది,
మూడేళ్లు జీతం లేకుండా, తిట్లు తింటే.
నేనూ నకలునే.
కాకపోతే నిదానంగా తయారయ్యాను.

ఆరున్నరకి సరిపోయింది.
"ఎంతివ్వమంటావ్?" అన్నాడు శేషగిరి.
పద్నాలుగొందలు, రోజు కూలి,
అలవాటుగా నాలిక చివరికొచ్చింది.

వెనకాల అప్పటికే అది కొలుచుకుంటోంది,
నేను గీరిన చోటల్లా
చిన్న ఎర్ర దీపంతో తడుముతూ.
ఇక పుట్టబోయేవన్నీ
ఈ సాయంత్రంలోంచే పుడతాయి.

"చెప్పు మీరా, ఎంత?"

గోతం భుజానేసుకుని గుమ్మందాకా వెళ్లిన తిరపతమ్మ
అక్కడే ఆగింది,
నేనేమంటానో విందామని.