తూర్పు హద్దు గెడ్డ

ఆనందపురం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా
జెరాక్స్ కొట్టుకీ టీ బడ్డీకీ మధ్య
ముప్పయ్యొక్క ఏళ్లుగా నా బల్ల.
ఒక కాలు పొట్టిది, కింద పాత స్టాంపు కాగితం మడత.
ఎన్ని వేల ఎకరాలు దాని మీదుగా చేతులు మారాయో,
నా పేర మాత్రం సెంటు లేదు.

దస్తావేజులో నాకిష్టమైన చోటొకటుంది.
నిధి నిక్షేప జల తరు పాషాణాదులతో
ఆచంద్రతారార్కం
పుత్రపౌత్ర పారంపర్యంగా...
అక్కడికొచ్చేసరికి కలం దానంతటదే నెమ్మదిస్తుంది.
కంప్యూటరు కుర్రాడు నవ్వుతాడు,
"చంద్రుడెందుకు మాస్టారూ, సర్వే నంబరు చాలదా?"
చాలదు నాయనా.
నంబరు వాళ్లిచ్చింది. వాళ్లే మార్చుకోగలరు.

మొల్లి పైడితల్లిది ఎకరా ఇరవై సెంట్ల జీడితోట.
తూర్పు గెడ్డ, దక్షిణం గండ్రెడ్డి వారి సరుగుడు,
పడమర పుంత, ఉత్తరం కొండ.
మామగారి నాటి శిస్తు రసీదులు ప్లాస్టిక్ సంచిలో,
సంచి బియ్యం డబ్బాలో.
మనవరాలి నర్సింగు ఫీజుకని
ముప్పై సెంట్లు అమ్ముదామని వస్తే
తెర మీద ఎర్రక్షరాలు: నిషేధిత జాబితా.
ఎవరు చేర్చారో తెలీదు.
పైనుంచి వచ్చిందట.
"పైనంటే ఏటి బాబూ, కొండమీంచా?" అంది.

షామియానా వేసి గ్రామసభ పెట్టారు.
అధికారి కుర్రాడు, మంచివాడే,
చెమట తుడుచుకుంటూ రంగుల పటం చూపించాడు.
ఆవిడ తోట మీద లేత నీలం.
"అభివృద్ధి చేసి ప్లాటు తిరిగిస్తాం, లాభం మీకే."
పైడితల్లి లేచింది.
"నా సంచిలో జీడిపిక్కలు నువ్వే తీసి
గుప్పెడు నా చేతిలో పోసి
దణ్ణం ఎట్టమంటావేటి?"
అందరూ నవ్వారు. ఎంపీటీసీ కూడా నవ్వాడు.
పోయినసారి అతని మెడలో కండువా ఇంకో రంగు.
జాబితా మాత్రం రంగు మారలేదు.

నేనేం కడిగిన ముత్యాన్ని కాను.
కొండ పోరంబోకుని పిత్రార్జితమని రాసిన
మధ్యాహ్నం ఒకటుంది.
ఆ డబ్బుతోనే మా సుభాషిణి ఎమ్మే మొదటి ఫీజు కట్టాను.
ఇప్పుడది భూసంస్కరణల మీద పీహెచ్‌డీ.
యూనివర్సిటీ గేటు దగ్గర
చదువుల పేరు కంటే నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ పెద్దది.
డిపార్ట్‌మెంటులో నాలుగు కుర్చీలు ఖాళీ,
ఐదోదానిలో ఏడాదికోసారి మారే అతిథి.

"భూమి ఒకడిది కాదు నాన్నా, సమాజానిది" అంటుంది.
సరే అమ్మా.
సమాజం ఏ తేదీన సంతకం పెట్టింది?
సాక్షులెవరు?
మామూలుగా అయితే గొంతు పెంచేది.
ఆ రాత్రి పెంచలేదు.
అమ్మనన్న వాళ్ల మాటలు రాసిన అధ్యాయం
గైడు గారు తీసెయ్యమన్నారట.
తప్పని కాదు, ఇప్పుడు వద్దని.
అక్కడా ఒక జాబితా ఉందన్నమాట,
ఎర్రక్షరాలు కూడా లేనిది.
నేను పళ్లెంలో చెయ్యి కడిగేసుకున్నాను.
గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

ఆదివారం ఇద్దరం తోటకెళ్లాం.
భూమి మీద మూడొందల పేజీలు రాసిన పిల్ల
హద్దురాయిని చూడటం అదే మొదలు.
పైడితల్లి చెప్పు విడిచి
ఎండుటాకుల్లో మడమతో వెతికి
"ఇదుగో" అంది, పడుకున్న మనిషిని తట్టినట్టు.
తూర్పున గెడ్డలో
ఎవరి లేఅవుటుదో, లారీల కొద్దీ శిథిలాలు.
వాటి సందుల్లోంచి సన్నగా,
దారి అడక్కుండా, నీళ్లు.

సుభాషిణి నోటుబుక్కు తెరిచింది.
"గెడ్డ వెడల్పెంత మామ్మా?"
"వానని బట్టమ్మా."
రాసుకుందామని వంగి
ఏ గడిలో రాయాలో తెలీక
కలం పట్టుకుని
అలాగే ఉండిపోయింది.